విషం లేని తిండి – గ్రామ పంచాయతీ ఏమి చేయగలదు?



ఆరోగ్య శిబిరాల కోసం గ్రామాలకు వెళ్ళినప్పుడు తల్లులు మమ్మల్ని అడిగే ప్రశ్నలు మారాయి. ఒకప్పుడు "సిస్టరమ్మా, పిల్లవాడికి విరేచనాలు అవుతున్నాయి, ఏం పెట్టాలి?" అని అడిగేవారు. ఇప్పుడు "జన్యుమార్పిడి వంకాయ తింటే క్యాన్సర్ వస్తుందట, నిజమేనా?", "పత్తిగింజల నూనె వాడవచ్చా?", "సేంద్రియ బియ్యమని కిలోకి ఎక్కువ తీసుకుంటున్నారు, అవి తింటే షుగర్ తగ్గుతుందా?" అని కూడా అడుగుతున్నారు.

ఇవి మంచి ప్రశ్నలే. తినే తిండి గురించి అడగడం తల్లి హక్కు. కానీ ఒక ప్రశ్న మాత్రం ఎవరూ అడగరు: "ఇందులో మా ఊరి పంచాయతీ చేయగలిగింది ఏమైనా ఉందా?" పంచాయతీ అంటే వీధి దీపాలు, మురుగు కాలువలు, నల్లా నీళ్ళు అని మనం అనుకుంటాం. కానీ రాజ్యాంగంలో పంచాయతీలకు అప్పగించదగిన 29 విషయాల పట్టిక ఒకటి ఉంది. అందులో మొట్టమొదటిది వ్యవసాయం. ఆరోగ్యమూ, పారిశుద్ధ్యమూ అదే పట్టికలో ఉన్నాయి. తిండి, పొలం, ఆసుపత్రి మూడింటికీ సంబంధం ఉందని ఆ పట్టిక చూస్తేనే తెలుస్తుంది.

ముందుగా మూడు మాటలను విడదీద్దాం

అందరూ కలిపేసి మాట్లాడుతున్న విషయాలు మూడు ఉన్నాయి. వీటిని వేరు చేయకపోతే భయపడవలసిన దానికి భయపడం, అక్కరలేని దానికి భయపడతాం.

మొదటిది పురుగుమందు. పంట మీద కొట్టిన మందు కొంత కాయ మీద, ఆకు మీద మిగిలిపోతుంది. కొన్ని మందులు మొక్క లోపలికి కూడా ఇంకుతాయి. కాయ మీద ఉన్నది కడిగితే చాలావరకు పోతుంది. లోపలికి ఇంకినది ఉప్పు నీళ్ళలో నానబెట్టినా, చింతపండు నీళ్ళలో నానబెట్టినా పోదు. అయినా కడగడం మానవద్దు. పారే నీళ్ళలో చేత్తో రుద్ది కడిగి ఆ తరువాత తరగాలి. తరిగిన తరువాత కడిగితే మురికి లోపలికి పోతుంది, విటమిన్లు బయటికి పోతాయి.

రెండవది జన్యుమార్పిడి విత్తనం. నేలలో బాసిల్లస్ తురింజెన్సిస్ అనే సూక్ష్మజీవి ఉంటుంది. దాని పేరును పొట్టిగా బీటీ అంటారు. పురుగును చంపే ఒక మాంసకృత్తును అది తయారు చేస్తుంది. ఆ పని చేయించే జన్యువును తీసి పత్తి మొక్కలో పెడితే అది బీటీ పత్తి, వంగ మొక్కలో పెడితే బీటీ వంగ. ఆ మాంసకృత్తు పురుగు పేగులో అతుక్కుని రంధ్రాలు చేస్తుంది. అది అతుక్కునే చోటు మనిషి పేగులో లేదు. మన కడుపులోని ఆమ్లంలో అది మిగతా మాంసకృత్తుల వలెనే జీర్ణమైపోతుంది. ఇదే బీటీ పొడిని సేంద్రియ రైతులు కూడా పంటల మీద చల్లుతారని చాలామందికి తెలియదు. మార్కెట్‌లోకి వచ్చిన జన్యుమార్పిడి ఆహారాల వల్ల మనుషుల ఆరోగ్యానికి హాని కనబడలేదని, అయితే కొత్తగా వచ్చే ప్రతి ఒక్కదానినీ విడివిడిగా పరీక్షించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. కాబట్టి "తింటే క్యాన్సర్ వస్తుంది" అని నేను చెప్పను. "పరీక్షలు అక్కరలేదు" అని కూడా చెప్పను.

పత్తిగింజల నూనె సంగతి. మన దేశంలో రైతులు ఇప్పుడు చట్టబద్ధంగా పండిస్తున్న జన్యుమార్పిడి పంట పత్తి ఒక్కటే. దానికి 2002 మార్చిలో అనుమతి వచ్చింది. ఆ గింజల నూనె ఎన్నో ఏళ్ళుగా మన వంటల్లోకి వస్తూనే ఉంది. శుద్ధి చేసిన నూనెలో మాంసకృత్తు దాదాపు ఉండదు. అయితే గానుగ నుండి వచ్చిన పచ్చి పత్తిగింజల నూనెను వాడవద్దు. దానిలో గాసిపాల్ అనే సహజమైన విషపదార్థం ఉంటుంది. పాతకాలపు పత్తిలో కూడా అది ఉండేది. శుద్ధి చేస్తేనే పోతుంది.

మూడవది సేంద్రియం. ఇది పండించిన పద్ధతికి పేరు. రసాయన ఎరువు, రసాయన మందు, జన్యుమార్పిడి విత్తనం లేకుండా పండించినదని దాని అర్థం. సేంద్రియ బియ్యమైనా బియ్యమే. పళ్ళెం నిండా తింటే షుగర్ పెరుగుతుంది.

నా వరకు నేను ఒక మాట చెబుతాను. మా వార్డులో ముక్కుకు గొట్టం, చేతికి సెలైన్ పెట్టి పడుకోబెట్టవలసి వచ్చేది వంకాయ తిన్నవారిని కాదు. మందు కొట్టి వచ్చినవారిని, ఇంట్లో ఉన్న మందు కోపంలోనో దుఃఖంలోనో తాగినవారిని. అందుచేత పంచాయతీ ఈ విషయంలో వేలు పెట్టాలంటే ముందుగా పురుగుమందు డబ్బా దగ్గర పెట్టాలి.

పునుకుల ఊరి కథ

ఖమ్మం జిల్లా పాల్వంచ మండలంలో పునుకుల అనే ఊరు ఉంది. 2016లో జిల్లాలు విడిపోయిన తరువాత అది భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోకి వచ్చింది. సుమారు రెండు వందల కుటుంబాల ఊరు. పత్తి, మిరప పండించేవారు.

ఆ రోజుల్లో పత్తి పండించే ప్రతి ఊరిలో ఏం జరిగిందో అక్కడా అదే జరిగింది. మొదట్లో ఒక మందు రెండుసార్లు కొడితే పురుగు పోయేది. తరువాత నాలుగుసార్లు కొట్టవలసి వచ్చింది. ఆ తరువాత రెండు మూడు మందులు కలిపి కొట్టినా శనగపచ్చ పురుగు చావలేదు. పురుగును తినే సాలీళ్ళు, అక్షింతల పురుగులు మాత్రం ముందే చచ్చిపోయాయి. మందు అప్పు మీద ఇచ్చేది షాపు యజమానే. విత్తనం, ఎరువు ఇచ్చేదీ ఆయనే. పంట వచ్చాక కొనేదీ, ధర చెప్పేదీ ఆయనే. అందుచేత ఆయన ఏ మందు చెబితే రైతు ఆ మందే కొట్టేవాడు. డాక్టరు చీటీ లేకుండా మందుల షాపువాడే వైద్యం చేసినట్టు ఉండేది.

ఆడవారి సంగతి పుస్తకాల్లో తక్కువగా రాస్తారు గానీ, మందు ఎక్కువగా తగిలేది వారికే. డ్రమ్ములో మందు కలపడానికి నీళ్ళు మోసేది వారు. మందు కొట్టిన చేలో కలుపు తీసేది, పత్తి ఏరేది వారు. మగవారి బట్టలు ఉతికేది వారు. గర్భంతో ఉన్నా, చంటిపిల్లను చెట్టుకింద పడుకోబెట్టినా పని ఆగదు.

1999 ప్రాంతంలో సెక్యూర్ అనే స్థానిక స్వచ్ఛంద సంస్థ ఆ ఊరికి వచ్చింది. హైదరాబాద్‌లోని సెంటర్ ఫర్ వరల్డ్ సాలిడారిటీ అనే సంస్థ దానికి వెనుక నిలిచింది. వారు తెచ్చిన పద్ధతిని పురుగుమందులు లేని సస్యరక్షణ అంటారు. ఎండాకాలంలో లోతుగా దున్ని నేలలో ఉన్న పురుగు కోశాలను ఎండకూ పక్షులకూ అప్పగించడం, దీపపు ఎరలు, లింగాకర్షక బుట్టలు పెట్టడం, చేను చుట్టూ ఆముదం, మధ్యలో బంతి వేయడం, పక్షులు వాలడానికి కర్రలు పాతడం, జిగురు పూసిన పసుపు పచ్చ రేకులకు తెల్లదోమను అంటుకునేలా చేయడం. పురుగు మరీ ఎక్కువైతే వేపగింజల కషాయం, పచ్చిమిర్చి వెల్లుల్లి కషాయం. ఇందులో మన తాతలకు తెలియనిది చాలా తక్కువ.

మొదట ఎవరూ నమ్మలేదు. పంట పోతే అప్పు ఎవరు తీరుస్తారు? ముందుగా కొద్దిమంది ప్రయత్నించారు. వారి చేను పాడుకాలేదు, మందు ఖర్చు మిగిలింది. మరుసటి సంవత్సరం మరికొందరు చేరారు. ఇక్కడే మహిళా సంఘాలు గట్టిగా నిలబడ్డాయి. మందు ఖర్చు, ఆసుపత్రి ఖర్చు, చావు భయం ఇంట్లో చూసేది ఆడవారే కాబట్టి భర్తలను ఒప్పించింది వారే. వేపగింజలు ఏరి, పొడి చేసి, కషాయం కాచి ఇచ్చింది కూడా వారే. తరువాత ఊరికి వేపగింజలు పొడిచేసే మర వచ్చింది. సంఘాలవారు ఆ పొడిని పక్క ఊళ్ళకు అమ్మారు.

2004లో పునుకుల గ్రామ పంచాయతీ తమ ఊరు పురుగుమందులు లేని గ్రామమని తీర్మానం చేసింది. మందులు అమ్మేవారు ఊరిలోకి వచ్చి వ్యాపారం చేయవద్దని చెప్పింది.

ఈ వరుసను జాగ్రత్తగా చూడండి. తీర్మానం ముందు రాలేదు. నాలుగైదు సంవత్సరాలు పొలాల్లో పని జరిగి, రైతుల చేతికి లెక్క తేలి, ఆడవారు ఒక మాట మీదికి వచ్చిన తరువాత తీర్మానం వచ్చింది. అప్పటికే ఊరు మానేసిన దానిని మళ్ళీ లోపలికి రాకుండా తలుపు వేసింది పంచాయతీ. దీనికి పూర్తిగా వ్యతిరేకంగా 2021లో శ్రీలంక ప్రభుత్వం దేశమంతటికీ ఒక్కసారిగా రసాయన ఎరువుల దిగుమతిని ఆపేసింది. రైతుకు వేరే దారి చూపలేదు. వరి దిగుబడి పడిపోయింది, తేయాకు దెబ్బతిన్నది, కొన్ని నెలలకే ఆ నిషేధాన్ని వెనక్కి తీసుకున్నారు. సేంద్రియం మంచిదా చెడ్డదా అనే వాదనకు ఈ రెండు సంగతులనూ వాడుకుంటారు. నేనైతే మందు మాన్పించే పద్ధతి గురించే చూస్తాను. చాలాకాలంగా వాడుతున్న మందును రోగికి ఒక్కరోజులో ఆపేస్తే ఏమవుతుందో నర్సులకు తెలుసు. కొద్దికొద్దిగా తగ్గించాలి, బదులు ఏదైనా ఇవ్వాలి, రోజూ చూసుకోవాలి.

పునుకుల తరువాత 2004–05 నుండి అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వపు గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ ఇదే పద్ధతిని మహిళా సంఘాల ద్వారా ఎన్నో జిల్లాలకు తీసుకెళ్ళింది. అప్పటి వరంగల్ జిల్లాలోని ఏనబావి అనే చిన్న ఊరు ఇంకో అడుగు వేసి రసాయన ఎరువులు, జన్యుమార్పిడి విత్తనాలు కూడా వద్దనుకుంది. అది ఇప్పుడు జనగామ జిల్లాలో ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుండి ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం రైతు సాధికార సంస్థ ఆధ్వర్యంలో నడుస్తున్నది.

విషం ఎక్కినట్లు గుర్తించడం ఎలా? ప్రథమ చికిత్స ఏమిటి?

ఊరు మారడానికి ఏళ్ళు పడుతుంది. ఈ లోపల మందు కొట్టేవారు కొడుతూనే ఉంటారు. కాబట్టి ఇది ప్రతి ఇంట్లో తెలిసి ఉండాలి.

మందు కొట్టి వచ్చిన మనిషికి తలనొప్పి, తల తిరగడం, వాంతి, విపరీతమైన చెమట, నోట్లో చొంగ, కళ్ళవెంట నీరు, చూపు మసకబారడం, కడుపులో మెలిపెట్టడం, విరేచనం, కండరాలు అదరడం కనబడితే అది ఎండదెబ్బ అనుకోవద్దు. కంటిపాప సూదిమొనంత చిన్నదై ఉంటే దాదాపుగా అది ఆర్గానోఫాస్ఫేటు మందు విషమే. ఊపిరి ఆడకపోవడం, మత్తుగా పడిపోవడం ప్రాణాపాయపు గుర్తులు.

మనిషిని వెంటనే చేలో నుండి గాలి ఆడే చోటికి తీసుకురండి. తడిసిన బట్టలన్నీ విప్పేయండి. సబ్బుతో, ఎక్కువ నీళ్ళతో ఒళ్ళంతా కడగండి. తల వెంట్రుకలు, చెవుల వెనుక, గోళ్ళ సందులు మరిచిపోవద్దు. కళ్ళలో పడితే పావుగంట సేపు మంచినీళ్ళతో కడగండి. కడిగేవారు తమ చేతులకు ప్లాస్టిక్ కవర్లైనా తొడుక్కోవాలి. లేకపోతే ఆ విషం వారికీ ఎక్కుతుంది. మత్తులో ఉన్నవారిని ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టండి.

తాగినవారికి ఉప్పు నీళ్ళు, చింతపండు రసం, పాలు, నెయ్యి, పేడ నీళ్ళు ఏవీ పోయవద్దు. వేలు పెట్టి వాంతి చేయించవద్దు. వాంతి ఊపిరితిత్తుల్లోకి పోయి చనిపోయినవారు ఉన్నారు. 108కి ఫోన్ చేయండి. మందు డబ్బాను, కనీసం దాని మీద ఉన్న కాగితాన్ని తప్పకుండా వెంట తీసుకురండి. ఏ మందో తెలిస్తే డాక్టరుగారు వెంటనే సరైన విరుగుడు మొదలుపెట్టగలరు. ఆర్గానోఫాస్ఫేటు విషానికి అట్రోపిన్ ఇంజెక్షన్ ఎంత త్వరగా మొదలైతే అంత మంచిది. "పోలీసు కేసు అవుతుంది" అని భయపడి తెల్లవారేదాకా ఇంట్లో ఉంచవద్దు. కోలుకున్నట్టు కనబడినా రెండు మూడు రోజుల తరువాత మెడ కండరాలు బలం తగ్గి ఊపిరి ఆగవచ్చు. అందుకే మేము వెంటనే ఇంటికి పంపము. బంధువులు ఈ విషయంలో సిస్టర్లతో గొడవ పడవద్దని నా మనవి.

మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో 2017లో పత్తికి మందు కొడుతూ ఇరవై మందికి పైగా రైతులు, కూలీలు చనిపోయారు. వందలమంది ఆసుపత్రి పాలయ్యారు. అది బీటీ పత్తి పండే జిల్లా. బీటీ వస్తే మందు కొట్టే పని ఉండదని మొదట్లో చెప్పారు. కొన్నేళ్ళు కాయతొలుచు పురుగుకు మందు తగ్గిన మాట నిజమే. తరువాత గులాబీ రంగు పురుగు బీటీకి అలవాటు పడింది. రసం పీల్చే పురుగులకైతే బీటీ మొదటినుండీ పనిచేయదు. ఆ సంఘటన తరువాత మహారాష్ట్ర ప్రభుత్వం కొన్ని జిల్లాలలో ఐదు రకాల మందులను 60 రోజులు నిషేధించింది. అరవై రోజులే ఎందుకంటే 1968 నాటి పురుగుమందుల చట్టం రాష్ట్ర ప్రభుత్వానికి ఇచ్చిన అధికారం అంతవరకే. పూర్తిగా నిషేధించే అధికారం కేంద్రానిది.

జన్యుమార్పిడి పంటను ఒక ఊరు ఆపగలదా?

పురుగుమందు విషయంలో రాష్ట్రానికే అంత తక్కువ అధికారం ఉంటే, జన్యుమార్పిడి విత్తనం విషయంలో పంచాయతీకి ఏముంటుంది? అమెరికాలో ఈ ప్రయత్నం చేసి చూశారు, మనకు పనికివచ్చే అనుభవం అది. కాలిఫోర్నియాలో మెండోసినో అనే కౌంటీ ఉంది. కౌంటీ అంటే మన జిల్లా వంటిది. అక్కడ ద్రాక్ష తోటలు ఎక్కువ, సేంద్రియ రైతులూ ఎక్కువ. తమ కౌంటీలో జన్యుమార్పిడి పంటలు పండించకూడదనే ప్రతిపాదనను 2004 మార్చి 2న ప్రజల ఓటుకు పెట్టారు. దానిని ఓడించడానికి పురుగుమందులు, విత్తనాల పరిశ్రమ ఆరు లక్షల డాలర్లకు పైగా ఖర్చుపెట్టింది. అయినా సుమారు 57 శాతం ఓట్లతో అది గెలిచింది. అమెరికాలో అటువంటి నిషేధం పెట్టిన మొదటి కౌంటీ అదే.

ఆ ప్రతిపాదన రాసినవారు డీఎన్ఏ అంటే ఒక మాంసకృత్తు అని అందులో రాశారు. అది తప్పు. నర్సింగ్ మొదటి సంవత్సరం విద్యార్థిని కూడా ఆ తప్పు పట్టుకుంటుంది. ప్రజల కోరిక న్యాయమైనదే కావచ్చు, కానీ కాగితం రాసేటప్పుడు తెలిసినవారికి చూపించుకోవాలి. ఇంకొక సంగతి, ఆ చట్టం పండించడాన్ని మాత్రమే ఆపింది, అమ్మడాన్ని ఆపలేదు. ఆ కౌంటీ దుకాణాల్లో జన్యుమార్పిడి సోయా, మొక్కజొన్నతో చేసిన తినుబండారాలు అంతకుముందు వలెనే దొరికాయి.

మెండోసినోను చూసి ఇంకా కొన్ని కౌంటీలు ఓటు పెట్టాయి. 2004 నవంబరులో మారిన్ కౌంటీలో గెలిచింది, మరి కొన్నిచోట్ల ఓడిపోయింది. పరిశ్రమవారు దానికి వేరే మార్గం కనిపెట్టారు. చాలా రాష్ట్రాలలో "విత్తనాల మీద స్థానిక సంస్థలు చట్టాలు చేయరాదు" అని రాష్ట్ర చట్టమే చేయించారు. హవాయిలో మావీ కౌంటీ ప్రజలు 2014లో ఓటువేసి జన్యుమార్పిడి సాగును ఆపారు. 2016 నవంబరులో అప్పీలు కోర్టు ఆ నిషేధం చెల్లదన్నది. పై ప్రభుత్వానికి చెందిన అధికారంలో కింది సంస్థ చేసిన చట్టం నిలబడదని దాని భావం.

మన దేశంలో దారి వేరు. 2009 అక్టోబరులో బీటీ వంకాయకు కేంద్రంలోని జన్యు సాంకేతిక ఆమోద కమిటీ ఒప్పుకున్నది. అప్పటి పర్యావరణ మంత్రి జైరాం రమేష్ గారు వెంటనే అనుమతి ఇవ్వకుండా 2010 జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఏడు నగరాలలో ప్రజాభిప్రాయ సేకరణ జరిపారు. అందులో హైదరాబాద్ ఒకటి. రైతులు, శాస్త్రవేత్తలు, డాక్టర్లు, గృహిణులు వచ్చి మాట్లాడారు. రాష్ట్ర ప్రభుత్వాలను కూడా అడిగారు. అప్పటి ఆంధ్రప్రదేశ్‌తో సహా చాలా రాష్ట్రాలు తొందరవద్దు అన్నాయి. 2010 ఫిబ్రవరి 9న మంత్రి దానిని నిలిపివేశారు. మన పక్కనున్న బంగ్లాదేశ్ మాత్రం 2013లో అదే వంకాయకు అనుమతి ఇచ్చింది. అక్కడ రైతులు పండిస్తున్నారు, జనం తింటున్నారు.

దీని తరువాత 2011లో, రాష్ట్ర ప్రభుత్వం అభ్యంతరం లేదని రాసి ఇస్తేనే ఆ రాష్ట్రంలో జన్యుమార్పిడి పంటల క్షేత్ర పరీక్షలు చేయాలనే నియమం వచ్చింది. జన్యుమార్పిడి ఆవాలకు 2022లో కమిటీ అనుమతి ఇచ్చింది. 2024 జూలైలో సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తులు ఆ అనుమతిపై చెరొక విధంగా తీర్పు చెప్పారు.

అంటే జన్యుమార్పిడి విషయంలో పంచాయతీ నిషేధం పెట్టలేదు. గ్రామసభ తన అభిప్రాయాన్ని రాసి రాష్ట్ర ప్రభుత్వానికి పంపగలదు. కాగితమే కదా అని తీసివేయవద్దు. 2010లో మంత్రిగారు లెక్కలోకి తీసుకున్న వాటిలో రాష్ట్రాల ఉత్తరాలూ ఉన్నాయి.

పంచాయతీ తప్పకుండా చూడవలసినది ఇంకొకటి ఉంది. కలుపుమందు కొట్టినా చావని పత్తి విత్తనం అనుమతి లేకుండా ఆంధ్ర, తెలంగాణలలోకి వచ్చినట్టు 2018 ప్రాంతంలో బయటపడింది. దానితోపాటు గ్లైఫోసేట్ అనే కలుపుమందు వాడకం పెరిగింది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లో గ్లైఫోసేట్‌ను క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్న పదార్థాలలో చేర్చింది. కొన్ని దేశాల నియంత్రణ సంస్థలు దానితో ఏకీభవించలేదు. ఆ వాదన తేలేదాకా ఆగనక్కరలేదు. బిల్లు లేకుండా, పేరు లేని సంచిలో విత్తనం అమ్ముతుంటే అది చట్టవిరుద్ధం. మండల వ్యవసాయాధికారికి తెలియజేయడం సర్పంచ్ గారి పని.

బడి వంట గది

2013 జూలై 16న బీహార్‌లోని సారణ్ జిల్లాలో ఒక ప్రాథమిక పాఠశాలలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంట నూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు కలిసింది. ఆ మందును కూరగాయల పంటలకు వాడరాదని కేంద్రం 2005లోనే చెప్పింది. అయినా అప్పట్లో పత్తికి అమ్ముతుండేవారు గనుక అది ఊళ్ళలో ప్రతిచోటా దొరికేది.

మన ఇళ్ళల్లో ఖాళీ మందు డబ్బాలో కిరోసిన్ పోయడం, నూనె పోయడం, పాయిఖానాకు నీళ్ళు తీసుకెళ్ళడం చూస్తుంటాము. ఆ డబ్బా ఎన్నిసార్లు కడిగినా వాడకూడదు. మూడుసార్లు కడిగి, ఆ నీళ్ళు స్ప్రే పంపులోనే పోసి, డబ్బాకు రంధ్రాలు పొడిచి పారవేయాలి. బావిలో, చెరువులో, కాలువలో కడగకూడదు. ఖాళీ డబ్బాలకు ఊరి బయట ఒక తాళం ఉన్న గది ఏర్పాటు చేయడం పంచాయతీకి పెద్ద ఖర్చు కాదు.

ఇక "సేంద్రియ" అని రాసి అమ్మేవాటి గురించి ఒక్క మాట. ప్యాకెట్ మీద జైవిక్ భారత్ గుర్తు ఉన్నదా చూడండి. చిన్న రైతు తన పంట తానే నేరుగా అమ్ముకుంటే ఆ గుర్తు అక్కరలేదు, అటువంటప్పుడు ఆ రైతును మీరు ఎరిగి ఉండటమే గుర్తు. ఆ గుర్తు కోసం డబ్బులేని తల్లి అప్పు చేయవద్దు. మామూలు ఆకుకూర బాగా కడిగి రోజూ పెట్టడం, సేంద్రియ ఆకుకూర నెలకొకసారి పెట్టడం కంటే మేలు. పెరట్లో నాలుగు తోటకూర, రెండు మునగ, ఒక బొప్పాయి ఉంటే అంతకంటే మేలు.

గ్రామసభలో పెట్టడానికి నమూనా తీర్మానం

కొందరు మహిళా సంఘాల వారు అడిగినందున దీనిని ఇక్కడ ఇస్తున్నాము. మీ ఊరి పరిస్థితిని బట్టి మార్చుకోండి. చేయగలిగినదే రాయండి. "మా ఊరు పూర్తిగా సేంద్రియం" అని మొదటి రోజే రాయవద్దు.

"ఈ రోజు జరిగిన మా గ్రామసభలో దిగువ విషయములు చర్చించి ఏకగ్రీవముగా తీర్మానించడమైనది. బడి, అంగన్‌వాడీ, మంచినీటి బావి, ట్యాంకు దగ్గరలో ఎవరూ పురుగుమందు కలపరాదు, పంపులు కడగరాదు. 18 సంవత్సరముల లోపు పిల్లలను, గర్భిణీ స్త్రీలను, పాలిచ్చే తల్లులను మందు కొట్టే పనికి పిలవరాదు. మందు కొట్టిన చేనికి ఎర్ర గుడ్డ కట్టవలెను. బడిలో, అంగన్‌వాడీలో వంట సామాను ఉంచు గదిలో పురుగుమందు గాని ఖాళీ డబ్బా గాని ఉంచరాదు, నెలకొకసారి తల్లుల కమిటీ తనిఖీ చేయవలెను. ఈ సంవత్సరము ముందుకు వచ్చిన రైతులు కనీసం అర ఎకరములో పురుగుమందులు లేని పద్ధతిలో పండించి, ఖర్చు, దిగుబడి లెక్కలు వచ్చే గ్రామసభలో చదివి వినిపించవలెను. వేపగింజలు ఏరి నిలువ చేయుటకు మహిళా సంఘమునకు పంచాయతీ భవనములో ఒక గది ఇవ్వవలెను. బిల్లు లేని విత్తనములు ఊరిలో అమ్మినచో పంచాయతీకి తెలియజేయవలెను. ఈ తీర్మానపు నకళ్ళు మండల వ్యవసాయాధికారి గారికి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యాధికారి గారికి, పాఠశాల ప్రధానోపాధ్యాయుల వారికి పంపవలెను."

వేపపండ్లు ఎండాకాలం చివర, తొలకరి రోజుల్లో రాలుతాయి. పండ్లు ఏరి, గుజ్జు తీసి, గింజలను నీడలో ఆరబెట్టి గోనె సంచిలో పెట్టుకోవాలి. ఎకరానికి ఐదు కిలోల గింజల పొడి గుడ్డలో మూటకట్టి పది లీటర్ల నీళ్ళలో రాత్రంతా నానబెట్టాలి. ఉదయం బాగా పిండి వడకట్టి, నూరు గ్రాముల సబ్బు పొడి కలిపి, నూరు లీటర్లు అయ్యేలా నీళ్ళు పోసి సాయంత్రం పూట కొట్టాలి. ఇది కూడా పిల్లలకు అందకుండా పెట్టవలసినదే. వేపనూనె తాగించి ఫిట్స్ వచ్చిన పసిపిల్లలను ఆసుపత్రులలో చూస్తూనే ఉన్నాము.